మూయని అంగడిని మళ్ళీ తెరవలేము

గత నెలలో తిరుపతిలో చిరువ్యాపారుల కోసం జరిగిన ఒక సమావేశానికి మిత్రుడి బలవంతం మీద వెళ్ళాను. ఒకసారి దెబ్బతిని మళ్ళీ వ్యాపారం మొదలుపెట్టాలనుకునేవారికి ఎదురయ్యే అడ్డంకుల గురించి వక్త గంటన్నర మాట్లాడారు. భయం, పెట్టుబడి, పోటీ, ఇంట్లోవాళ్ళ వ్యతిరేకత అంటూ ఒక్కొక్కదాన్నీ వివరించి, చివరకు అన్నింటికీ ఒకే మందు చెప్పారు. గతాన్ని పూర్తిగా మరచిపోండి, ఈ రోజే పుట్టినట్టు మొదలుపెట్టండి అన్నారు. సభలో చాలాసేపు చప్పట్లు మోగాయి. నాకు మాత్రం చేతులు కలపబుద్ధి కాలేదు. చెప్పినవారు మంచి మనసుతోనే చెప్పారు, అందులో నాకు సందేహం లేదు. కానీ సరిగ్గా ఆ మాటనే నమ్మి 2021లో నేను అంగడి మళ్ళీ తెరిచాను, ఐదు నెలలు తిరగకముందే రెండోసారి మునిగాను.

నా పక్క కుర్చీలో ముప్పై ఏళ్ళు దాటని ఒక యువకుడు కూర్చున్నాడు. లీలామహల్ కూడలి దగ్గర మరొకరితో కలిసి టిఫిను అంగడి నడిపి, భాగస్తుడితో తగవు వచ్చి మూసేశాడట. సభ ముగిశాక బయట టీ తాగుతూ, "అన్నా, మళ్ళీ మొదలుపెట్టాలంటే ఎంత డబ్బు చేతిలో ఉండాలి?" అని అడిగాడు. దానికి బదులు చెప్పకుండా, పాత అంగడి లెక్క ఎక్కడిదాకా వచ్చిందని నేను అడిగాను. అతని ముఖం మారిపోయింది. "అది అయిపోయిందిలే అన్నా" అన్నాడు. ఎవరెవరికి ఎంత ఇవ్వాలో రాసుకున్నావా అంటే లేదన్నాడు. ఈ వ్యాసం ఆ అబ్బాయి కోసమే రాస్తున్నాను.

రెండోసారి మొదలుపెట్టేవాడికి పెట్టుబడి లేకపోవడం కంటే, ధైర్యం చాలకపోవడం కంటే పెద్ద అడ్డంకి మొదటి అంగడిని సరిగ్గా మూయకపోవడం. నా అభిప్రాయం ఇదొక్కటే. దీని మీద నాకే కొన్ని అనుమానాలు ఉన్నాయి, వాటినీ దాచకుండా చెబుతాను.

తాళం వేయడమే మూయడం అనుకున్నాను

మాది పటాలు కట్టే అంగడి. శివకాశి నుంచి ముద్రించిన చిత్రాలు, చెన్నై నుంచి బీడింగు (పటం చుట్టూ బిగించే పట్టీ), అద్దం, హార్డ్‌బోర్డు తెప్పించి, స్వామివారి పటాలు కట్టి, గోవిందరాజస్వామి గుడి చుట్టూ, బస్టాండు దగ్గరా ఉన్న అంగళ్ళకు టోకుగా ఇచ్చేవాళ్ళం. 2020 మార్చి 20న తిరుమలలో దర్శనాలు ఆగిన తరువాత ఈ ఊరి వ్యాపారాలకు ఏమైందో ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. జూన్ 11 నుంచి సామాన్య భక్తులను మళ్ళీ అనుమతించినా, వచ్చేది పరిమిత సంఖ్యలో కాబట్టి, అద్దం పటం కొని ఒళ్ళో పెట్టుకుని ఊరికి తీసుకువెళ్ళే యాత్రికుడు కనబడలేదు. ఆగస్టులో అంగడికి తాళం వేసి ఇంటికి వచ్చాను. తాళం వేయడాన్నే మూయడం అనుకున్నాను.

నిజానికి ఆ తాళం వెనుక చాలా విషయాలు తెరిచే ఉండిపోయాయి. చెన్నైలోని టోకు వ్యాపారికి 2019 నవంబరులో రాసిన ప్రోనోటు మీద 1,40,000 రూపాయలు ఇవ్వాలి. బ్యాంకులో ముద్ర రుణం మిగిలి ఉంది. రిజర్వు బ్యాంకు 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలకు గడువు ఇచ్చినప్పుడు, నాలాగే చాలామంది ఆ ఆరు నెలల వడ్డీ కూడా పోయిందనుకున్నారు. అది అసలులో కలుస్తోందని తెలిసేసరికి ఆలస్యమైంది. పటాలు కట్టే కుర్రాడికి 9,000 రూపాయల జీతం బాకీ. అంగడి యజమానికి నెలకు 8,000 అద్దె. అడ్వాన్సుగా ఇచ్చిన 80,000లో ఎంత మిగిలిందో ఇద్దరమూ మాట్లాడుకోలేదు. 2017లో తీసుకున్న జీఎస్టీ నమోదు అలాగే ఉండిపోయింది, రిటర్నులు ఆగిపోయాయి. ఇక నాకు రావలసింది 23 అంగళ్ళ నుంచి 1,86,000 రూపాయలు. వీటిలో ఒక్కదాని గురించీ ఎవరితోనూ ముఖాముఖి మాట్లాడలేదు. చెన్నై నుంచి ఫోను వస్తే మోగనిచ్చాను. ఆ ఫోను మోగి ఆగిపోయేదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు.

2021 జూలైలో రెండో విడత కరోనా తగ్గుముఖం పట్టగానే, జరిగిందేదో జరిగింది అనుకుని అదే తాళం తీశాను. పెట్టుబడికి రోజువారీ ఫైనాన్సు తీసుకున్నాను. 50,000 అని రాసుకుని 45,000 చేతికి ఇస్తారు, రోజుకు 500 చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి వడ్డీ 5,000 మాత్రమే అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తరిగిపోతూ ఉంటుంది కాబట్టి, ఏడాది లెక్కకు తిప్పి చూస్తే ఆ వడ్డీ నూటికి 75 పైమాటే. పాత టోకు వ్యాపారికి ముఖం చూపించలేక వేరేచోట రొక్కానికి సరుకు కొన్నాను. అక్కడ బీడింగు అడుగుకు రెండు మూడు రూపాయలు ఎక్కువ. నాకు బాకీ ఉన్న అంగళ్ళవాళ్ళు మళ్ళీ నా దగ్గర కొంటారనుకున్నాను. వాళ్ళలో ఎక్కువమంది నన్ను చూసి పక్క సందులోకి తిరిగారు.

నవంబరు 18న వచ్చిన వానలు ఊళ్ళో అందరికీ గుర్తే. అంగడిలోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. కింది అరల్లోని చిత్రాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, హార్డ్‌బోర్డు ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది.

వాన వల్లనా, మౌనం వల్లనా?

నా వాదనకు మొదటి అభ్యంతరం ఇక్కడే ఉంది. మొదటిసారి మహమ్మారి, రెండోసారి వరద. ఇందులో పాత లెక్కలు మూయకపోవడానికి సంబంధమేమిటని ఎవరైనా అడగవచ్చు. చాలాకాలం నేనూ వానదే తప్పు అనుకున్నాను. నా ఆలోచనను మార్చింది పక్క అంగడి.

మా పక్కన కొయ్యబొమ్మలు అమ్మే ఒకావిడ ఉండేది. ఆమె అంగడిలోకీ అన్నే నీళ్ళు వచ్చాయి, నష్టం నాకంటే ఎక్కువే. అయినా నెల తిరక్కుండా ఆమె అంగడి నిండుగా కనిపించింది. ఎలా సాధ్యమైందని అడిగితే, సరుకు ఇచ్చేవారికి ఫోను చేసి జరిగింది చెప్పానని, వాళ్ళు 60,000 రూపాయల సరుకు అరువు మీద పంపారని చెప్పింది. 2020లో ఆమె కూడా వాళ్ళకు బాకీ పడింది. కానీ ఆ ఏడాదంతా నెలకొకసారి తనే ఫోను చేసి, ఈ నెల ఇవ్వలేనని చెబుతూ వచ్చిందట. కుదిరిన నెలలో వెయ్యో రెండు వేలో పంపేదట.

అదే పని నేను చేయాలంటే ఎవరికి ఫోను చేయాలి? పద్నెల్లుగా నేను ఎత్తని ఫోను అది. సరుకును తడిపింది వానే. అయితే తడిసిన తరువాత తిరిగి నిలబడే దారిని మూసింది నా మౌనం. ఆ తేడా అర్థమైన రోజున, ఐదు నెలల్లో నేను పడిన ఇబ్బందులన్నీ మళ్ళీ లెక్కవేసుకున్నాను. ఎక్కువ ధరకు సరుకు కొనడం, రోజువారీ ఫైనాన్సుకు పోవడం, పాత ఖాతాదారులు తప్పుకుని తిరగడం, ఇవన్నీ వేర్వేరు అడ్డంకులుగా కనిపించాయి గానీ వేరు ఒకటే. పాత సంబంధాలన్నీ సగం తెగి వేలాడుతూ ఉండగా, వాటి మీదనే కొత్త అంగడిని నిలబెట్టబోయాను.

"ఐపీ పెట్టాడు"

దెబ్బతిన్న వ్యాపారి గురించి మనవాళ్ళు వాడే మాట ఒకటుంది: "వాడు ఐపీ పెట్టాడు". ఆ మాట వెనుక ఉన్నది ఇన్సాల్వెన్సీ పిటిషను. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద, 500 రూపాయలు గానీ అంతకు మించి గానీ ఉన్న అప్పు తీర్చలేనివాడు తన ఆస్తినీ అప్పులనూ కోర్టు ముందు పెట్టి, ఉన్నదాన్ని అప్పులవాళ్ళకు పంచమని కోరవచ్చు. అంటే అది మూయడానికి చట్టం చూపిన పద్ధతి. కానీ జనం నోట్లో ఆ మాటకు మోసం చేసి చేతులెత్తేశాడన్న అర్థం స్థిరపడిపోయింది. ఐపీ పెట్టాడని పేరు పడినవాళ్ళలో కోర్టు గుమ్మం తొక్కినవాడిని నేను ఒక్కడిని కూడా ఎరగను. ఆ పేరు పడుతుందన్న భయంతోనే మనం లెక్క చెప్పకుండా తప్పుకుంటాము, చివరకు తప్పుకున్నందుకే ఆ పేరు పడుతుంది.

2016లో వచ్చిన దివాలా స్మృతిలో చిన్న అప్పులవాళ్ళ కోసం 'కొత్త ఆరంభం' అనే అర్థం వచ్చే పేరుతో ఒక అధ్యాయమే ఉంది. ఏడాదికి 60,000 రూపాయలకు మించని ఆదాయం, 35,000కు మించని అప్పు ఉన్నవారికి ఊరట కల్పించాలని అందులో రాశారు. కానీ వ్యక్తులకు సంబంధించిన ఆ భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్న వ్యక్తుల వరకే వర్తింపజేశారు. మా వీధిలో అంగడి పెట్టుకున్నవాడికి ఆ తలుపు తెరుచుకోలేదు. పెద్ద కంపెనీ మునిగితే లెక్కలు చూడడానికి, అప్పులవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టడానికి ఒక వ్యవస్థ ఉంది. పటాల అంగడి మునిగితే ఆ పని ఎవరూ చేయరు. ఎవరికివారే చేసుకోవాలి. అందుకే ఈ విషయం మీద ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను.

నేను మూసిన తీరు

2021 డిసెంబరులో అంగడి తాళంచెవి యజమాని చేతికి ఇచ్చాను. రోజువారీ ఫైనాన్సులో మిగిలినదాన్ని మా ఆవిడ గాజులు కుదువ పెట్టి తీర్చాను. జనవరి నుంచి ఇంకొకరి అంగడిలో నెలకు 15,000 జీతానికి పటాలు కట్టడానికి చేరాను. నిన్నటిదాకా నా దగ్గర సరుకు కొన్నవాళ్ళకే అక్కడ నిలబడి సరుకు అందించవలసి వచ్చింది. మొదటి వారం చాలా కష్టమనిపించింది, తరువాత అలవాటైంది. మా ఆవిడ కుట్టుపనితో ఇల్లు గడిచింది కాబట్టి నా జీతంలో ఎక్కువ భాగం పాత లెక్కలకు పోయేది.

ముందుగా ఒక నోటు పుస్తకంలో ఎడమవైపు ఇవ్వవలసినవి, కుడివైపు రావలసినవి రాశాను. నిజం చెప్పాలంటే అది రాయడానికి నాలుగు రాత్రులు పట్టింది. మొత్తం ఎంతో తెలియకపోవడం ఒక రకమైన భయం, తెలియడం ఇంకొక రకమైన భయం. అయితే తెలిసిన తరువాతి భయానికి ఒక అంకె ఉంటుంది, ఆ అంకె రోజురోజుకూ పెరిగి కల్లోకి రాదు.

కుర్రాడి దగ్గరికి ముందు వెళ్ళాను. అతను అప్పటికే శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో చేరిపోయాడు. 9,000 చేతిలో పెడితే లెక్కపెట్టలేదు, ఇంట్లోకి పిలిచి భోజనం పెట్టించాడు. మళ్ళీ నా దగ్గరికి పనికి రాలేదు, రమ్మని నేనూ అడగలేదు. కానీ తరువాత నాకు పనివాళ్ళు కావలసినప్పుడు, వాళ్ళ ఊరి నుంచి ఇద్దరిని పంపింది అతనే.

చెన్నై నోటు విషయంలో మా బావమరిది ఒక సలహా ఇచ్చాడు. "నోటు రాసింది 2019 నవంబరు కదా బావా. మూడేళ్ళు గడిస్తే కాలదోషం పడుతుంది, ఇక కోర్టులో చెల్లదు. 2022 నవంబరు దాకా ఊరుకుంటే చాలు" అన్నాడు. తెలిసిన వకీలును అడిగితే ఆ లెక్కే తప్పని తేలింది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి మినహాయిస్తూ సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది కాబట్టి, నోటుకు ఇంకా చాలా ఆయుష్షు ఉంది. కానీ నేను ఆ సలహా పాటించనిది అందుకు కాదు. నోటుకు కాలదోషం పట్టినా, చెన్నైలో ఆ టోకు వ్యాపారి ఉన్న వీధిలో అడుగుపెట్టే హక్కు నాకు తిరిగి రాదు. పటాలు కట్టేవాడు ఆ వీధికి వెళ్ళకుండా వ్యాపారం చేయలేడు.

అక్టోబరులో సప్తగిరి రైలెక్కి చెన్నై వెళ్ళాను. ఆయన అంగడి మెట్లెక్కి 10,000 రూపాయలు బల్ల మీద పెట్టాను. ఆయన ఖాతా పుస్తకం తెప్పించి తిప్పితే నా పద్దు పాత పేజీలో లేదు. రాని బాకీలు రాసుకునే వెనుక పేజీల్లోకి మార్చేశారు. నోటు వెనుక చెల్లు రాసి సంతకం పెడతానంటే ఆయన కొంతసేపు నన్నే చూశారు. సంతకంతో నోటుకు మళ్ళీ మూడేళ్ళ బలం వస్తుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. "ఫోను ఎందుకయ్యా ఎత్తలేదు?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నెలకు 5,000 ఇస్తానన్నాను. ఏడాది దాకా అరువు ఇవ్వను, రొక్కానికైతే అందరికీ ఇచ్చే ధరకే ఇస్తాను అన్నారు. అది నాకు న్యాయంగానే తోచింది. 2024 డిసెంబరులో ఆఖరి వాయిదా కట్టి నోటు చింపించుకున్నాను.

బ్యాంకు బాకీ 1,12,000గా తేలింది. ఒకేసారి 70,000 కడితే సర్దుబాటు చేస్తామన్నారు. ఆశ పుట్టింది. కానీ అలా తీర్చిన ఖాతా, మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ క్రెడిట్ నివేదికలో పూర్తిగా ముగిసినట్టు కాకుండా 'సెటిల్డ్' అని నమోదవుతుందని, తరువాత రుణం అడిగినచోటల్లా ఆ మాట అడ్డుపడుతుందని తెలిసి వెనక్కి తగ్గాను. కటింగు మిషను, స్కూటరు అమ్మితే 48,000 వచ్చింది. మిగిలినదాన్ని నెలకు 4,000 చొప్పున పదహారు నెలల్లో కట్టి, బాకీ లేదన్న పత్రం తీసుకున్నాను. అందరూ ఇలాగే చేయాలని చెప్పను. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాడు, పిల్లల ఫీజులు కట్టలేనివాడు 70,000 దారినే పట్టాలి. ఏదైనా సరే, ఏ మాట నమోదవుతుందో తెలిసి సంతకం పెట్టాలి. క్రెడిట్ నివేదిక ఏడాదికి ఒకసారి ఉచితంగా తెప్పించుకోవచ్చు. నేను బాకీ తీర్చిన తరువాత తెప్పించి చూస్తే ఇంకా తీరనట్టే ఉంది, అర్జీ పెట్టి సరిచేయించాను.

జీఎస్టీ సంగతి క్లుప్తంగా చెబుతాను. వరుసగా రిటర్నులు వేయనందుకు నమోదును వాళ్ళే రద్దు చేశారు. పీడ పోయిందనుకున్నాను. పోలేదు. రద్దయిన మూడు నెలల్లో ఆఖరి రిటర్ను వేయాలి, వేయకపోతే ఆలస్య రుసుము 10,000 దాకా పోతుంది; అదే పాన్ మీద మళ్ళీ నమోదుకు వెళితే పాత బకాయిలను చూసి దరఖాస్తును తిరస్కరించే వీలుంది. 2023 ఏప్రిల్ నుంచి కొన్ని నెలల పాటు ఆ రుసుమును 1,000 రూపాయలకు తగ్గించారు. అదే అదనులో పాత రిటర్నులన్నీ వేయించి ముగించాను.

రావలసిన బాకీల గురించి

ఈ ఒక్క విషయం ఎవరూ చెప్పగా వినలేదు కాబట్టి కాస్త నిలిచి చెప్పాలి. ఇవ్వవలసినవాటి గురించే అందరూ మాట్లాడతారు. రావలసిన బాకీని మూయకపోవడం అంతకంటే పెద్ద నష్టమని నాకు ఆలస్యంగా తెలిసింది.

23 అంగళ్ళకూ వెళ్ళాను. దాదాపు అందరూ నాలాగే దెబ్బతిన్నవాళ్ళు. ఇద్దరు అంగళ్ళే ఎత్తేశారు, ఒకాయన కాలం చేశారు. పదకొండుమంది కలిసి 61,000 ఇచ్చారు. మిగిలినదాంట్లో ఇస్తారని నమ్మకం ఉన్నవాటికి నెలలు రాసుకున్నాను, కొన్నింటిని నేనే కొట్టేశాను.

గుడి వీధిలో ఒకాయన 3,200 ఇవ్వాలి. రెండేళ్ళుగా నన్ను చూస్తే లోపలికి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు నేరుగా వెళ్ళి, "మామా, ఆ పద్దు కొట్టేశాను, నీకూ నాకూ లెక్క లేదు" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. 2023 జూన్‌లో నేను మళ్ళీ అంగడి తెరిచిన వారానికి వచ్చి పన్నెండు పటాలకు రొక్కం ఇచ్చి తీసుకువెళ్ళాడు. ఈ రోజుకీ నెలనెలా నా దగ్గరే కొంటాడు. బాకీ ఉన్నవాడు మన గుమ్మం తొక్కడు, పక్కవాడి గుమ్మం తొక్కుతాడు. 3,200 కోసం ఏడాదికి అంతకు ఎన్నో రెట్లు కొనే ఖాతాదారుణ్ణి రెండేళ్ళు దూరం చేసుకున్నాను. తీరదని తెలిసిన చిన్న బాకీని నోటితో కొట్టేశానని చెప్పడం దయాగుణం కింద లెక్క కాదు, అది వ్యాపారమే.

వచ్చిన 61,000లో కుర్రాడికి 9,000 పోయింది. అడ్వాన్సుకూ అద్దెకూ లెక్క కట్టి, అంగడి యజమాని లాక్‌డౌను నెలలకు సగం తగ్గించగా ఇవ్వవలసి వచ్చిన 12,000 పోయింది. మిగిలిన 40,000 మళ్ళీ అంగడి తెరవడానికి నా పెట్టుబడి. పెట్టుబడి లేదని ఎక్కడెక్కడో వెతికాను గానీ, మూయని పాత లెక్కల్లోనే అది ఉంది.

పేరు మారిస్తే సరిపోదా?

ఈ వాదనకు ఎక్కువగా వినిపించే ఎదురు మాట ఇది. మొదటి అంగడి నీ పేరున ఉంది కదా, రెండోది ఇంటావిడ పేరున పెట్టుకో అంటారు. టిఫిను అంగడి అబ్బాయికీ ఇదే సలహా అందింది. కొత్త పేరు, కొత్త పాన్, మచ్చలేని సిబిల్, కాగితాల వరకు అడ్డంకి తీరినట్టే.

నేను చూసినంతలో దీనివల్ల అడ్డంకి తీరదు, ఒక మనిషి మీద నుంచి ఇంకొక మనిషి మీదికి మారుతుంది. మన ఇళ్ళలో ఆడవాళ్ళకు అప్పటికే డ్వాక్రా సంఘంలో రుణం ఉంటుంది. అక్కడ ఒకరు కట్టకపోతే తక్కిన సభ్యులు ఇంటి ముందుకు వస్తారు. భర్త వ్యాపారంలో రెండోసారి తేడా వస్తే, ఆమెకు ఉన్న ఆ ఒక్క ఆధారమూ పోతుంది. ఆమె నిజంగానే ఆ వ్యాపారం చేస్తానంటే అది వేరే సంగతి. మా పక్క బొమ్మల అంగడి ఆవిడ లాంటివాళ్ళు మగవాళ్ళకంటే బాగా నడుపుతారు. పేరు మాత్రమే ఆమెది, చేసేది ఇతను అన్నప్పుడే నాకు అభ్యంతరం.

ఇంకొక అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి సమాధానం లేదు. మా బంధువుల్లో ఒకతను చిత్తూరులో బట్టల అంగడి పెట్టి, దెబ్బతిని, రాత్రికి రాత్రి బెంగళూరు వెళ్ళిపోయాడు. ఎవరికీ లెక్క చెప్పలేదు. అక్కడ కర్రీ పాయింటు పెట్టి బాగా నిలదొక్కుకున్నాడు. నా సిద్ధాంతం ప్రకారం అతను మునగాలి, మునగలేదు. ఊరు మారి, సరుకు మారి, ఖాతాదారులూ మారితే పాత లెక్కలు మూయకుండానే నెగ్గవచ్చని ఒప్పుకుంటాను. కానీ అతని తల్లి చిత్తూరులోనే ఉంది. బట్టల టోకు వ్యాపారి ఉండే గ్రీమ్స్‌పేట వైపు ఆమె ఇప్పటికీ వెళ్ళదు, ఆసుపత్రికి పోవాలన్నా చుట్టు తిరిగి పోతుంది. అతను కట్టకుండా వదిలేసి వెళ్ళిన దాన్ని ఆమె చిత్తూరులో కడుతోందనిపిస్తుంది.

చేతిలో చిల్లిగవ్వ లేనివాడు బాకీలన్నీ తీర్చి మళ్ళీ మొదలుపెట్టాలంటే జీవితకాలం సరిపోదన్న మాటా నిజమే. అయితే నేను తీర్చమనలేదు. చెన్నై బాకీలో నేను 2023 జూన్‌లో అంగడి తెరిచేనాటికి తీరింది మూడో వంతు కూడా లేదు. మూయడం అంటే అంకె ఎంతో ఇద్దరూ ఒప్పుకోవడం, ఎప్పటికి ఎంత ఇచ్చేదీ చెప్పడం, చెప్పినదాన్ని కాగితం మీద పెట్టడం. దానికి కావలసింది రైలు టికెట్టు డబ్బులు, ఎదురుగా కూర్చునే ఓపిక. మా బొమ్మల అంగడి ఆవిడకు అది నెలకొక ఫోనుతోనే కుదిరింది.

2023లో యాత్రికులు మళ్ళీ మునుపటిలా వస్తున్నారు కాబట్టే నేను నిలబడ్డానేమో అన్న సందేహం నాకూ ఉంది. మిషను అమ్ముకున్నవాణ్ణి, చేతిరంపంతో మొదలుపెట్టాను, రోజుకు ఎనిమిది పది పటాలకు మించి కట్టలేకపోయాను. మంచి రోజులు కలిసి రాకపోతే అది సరిపోయేది కాదేమో. కానీ అవే మంచి రోజుల్లో, ఇదే ఊళ్ళో, పాత బాకీలవాళ్ళు వచ్చి కూర్చోవడంతో కొత్త అంగడి మూసుకున్నవాళ్ళను ఇద్దరిని చూశాను.

గుంటూరు మిరపకాయల బిల్లు

పోయిన ఆదివారం టిఫిను అంగడి అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. ప్లాస్టిక్ సంచి నిండా కాగితాలు తెచ్చాడు. గ్యాస్ సిలిండర్ల చీటీలు, పిండి మిల్లు లెక్కలు, భాగస్తుడితో వాట్సాప్‌లో పెట్టుకున్న మాటల ముద్రణలు, నూనెకు ఎరుపు తిరిగిన గుంటూరు మిరపకాయల బిల్లు ఒకటి. భాగస్వామ్యానికి కాగితమే లేదు, నోటిమాట మీద నడిచింది. విడిపోయేటప్పుడు గ్రైండరు ఎవరిదో కూడా తేల్చుకోలేదు. అది ఇప్పటికీ మూడోవాళ్ళ ఇంట్లో ఉందట.

మధ్యాహ్నం భోజనం దాకా కూర్చుని, ఎడమవైపు పద్నాలుగు పేర్లు, కుడివైపు ఆరు పేర్లు రాశాము. పిండి మిల్లు ఆయన దగ్గరికి మర్నాడు ఉదయం నేనూ తోడుగా వెళ్ళాను. అబ్బాయి లెక్కలో బాకీ 11,400. మిల్లు ఆయన సుద్దతో గోడ మీద రాసుకున్న లెక్కలో 13,200. ముందు ఇద్దరి గొంతులూ కాస్త పెరిగాయి. తరువాత ఆయనే లోపలికి వెళ్ళి, బియ్యం బస్తా మీద ఉన్న పాత చిట్టా దులిపి తెచ్చి, అబ్బాయి ముందు స్టూలు లాగి కూర్చున్నాడు. మార్చి నెల నుంచి ఒక్కొక్క రోజూ చదవమన్నాడు. నాకు అంగడి తెరిచే వేళైంది. నేను బయలుదేరేసరికి వాళ్ళు ఏప్రిల్ రెండో వారంలో ఉన్నారు.